అడవి దారికి నప్పే రంగులు

మా అత్తమ్మ పోయిందన్న కబురు వచ్చినప్పుడు నేను ఖమ్మంలో, హోల్‌సేల్ బట్టల దుకాణంలో తెల్ల పరుపు మీద కూర్చుని ఉన్నాను. చుట్టూ చొక్కాలు. బీడీలకు తునికాకు తెంపే రోజులు దగ్గరికొచ్చాయి, చర్లలో మా దుకాణానికి సరుకు కావాలి. నన్ను ఆమే పంపింది. భద్రాచలం దవాఖానాలో మంచం మీద పడుకుని, సెలైను సూది ఉన్న చెయ్యి కదపకుండా, రెండో చేత్తో నా కొంగు సర్ది, "నా కాడ కూసొని ఏం జేస్తవ్ బిడ్డా? నువ్ పో. ఆకు పైసలు చేతికొచ్చిన రోజు మొగోళ్ళకు చొక్కా కావాలె. మన కాడ లేదనొద్దు" అన్నది.

మధ్యాహ్నం మా ఆయన ఫోన్ చేశాడు. "అమ్మ పోయింది" అన్నాడు. ఆ తర్వాత ఇద్దరం ఫోన్ చెవికి పెట్టుకునే ఉన్నాం. నా ముఖం చూసి దుకాణం పెద్దాయనకు అర్థమైంది. విప్పి పరిచిన చొక్కాలను తనే ఒక్కొక్కటీ మడత పెట్టాడు. పనివాళ్ళను పిలవలేదు. మడుస్తూ మడుస్తూ, "లైటు కింద రంగు అబద్ధం చెప్తదని కొట్లాడేది మీ అత్తమ్మ నాతోని. ప్రతి చొక్కా రోడ్డు మీదికి పట్టుకపోయి ఎండల చూసేది" అన్నాడు. నేను లేచి వాకిట్లోకి వచ్చాను. ఎండ తెల్లగా, మెత్తగా ఉంది. ఆ ఎండలో ఎవరో చొక్కా పట్టుకుని నిలబడ్డట్టే అనిపించింది చాలాసేపు.

మీలో ఎవరైనా భద్రాచలం నుంచి దుమ్ముగూడెం మీదుగా చర్ల వచ్చి ఉంటే, బజారులో ఒక దుకాణం ముందు తీగకు వేలాడే చొక్కాలను చూసే ఉంటారు. అదే మాది. మగవాళ్ళ బట్టలు తప్ప ఇంకేమీ ఉండవు. పట్నం దుకాణాల్లో నిలబెట్టే బొమ్మలు మా దగ్గర లేవు. ఒకసారి మా ఆయన ఒకటి తెచ్చాడు. తెల్లటి రంగు, పొడుగు కాళ్ళు, కోసుకుపోయే ముక్కు. అత్తమ్మ దాన్ని కిందికీ మీదికీ చూసి, "ఈయన మనూరాయన గాదు. ఈయనకు నప్పింది మనోళ్ళకేం నప్పుతది?" అని వెనక్కి పంపించింది. అప్పటి నుంచి చొక్కాలు తీగ మీదే ఉన్నాయి. గోదావరి వైపు నుంచి గాలి వచ్చినప్పుడు అవన్నీ ఒక్కసారి నిండేవి. చేతులు లేచేవి, ఛాతీలు ఉబ్బేవి. గాలి ఆగితే మళ్ళీ దిగిపోయేవి. గల్లా దగ్గర కూర్చుని వాటినే చూస్తుండేది మా అత్తమ్మ, ఎవరో తెలిసినవాళ్ళు వచ్చి పోతున్నట్టు.

ఆమె బోనకల్ దగ్గరి పల్లె నుంచి ఈ ఊరికి కోడలై వచ్చింది. మా మామ దర్జీ. కుట్టించుకునేవాళ్ళు తగ్గిపోయి, రెడీమేడ్ బట్టలు ఊళ్ళోకి వస్తున్న కాలంలోనే ఆయన జ్వరంతో పోయాడు. నేను ఆయన్ను చూడలేదు. మిషను మూలకు జరిపి, అదే గదిలో ఆమె రెడీమేడ్ దుకాణం పెట్టింది. ఆడమనిషి మగవాళ్ళకు ప్యాంట్లు అమ్ముతుందా అని నవ్వినవాళ్ళు ఉన్నారట. "నవ్వినోళ్ళే ముందుగాల వచ్చిండ్రు. నవ్వడానికి వచ్చి కొనుక్కపోయిండ్రు" అని చెప్పేది.

అయితే మొదటి సరుకు మాత్రం కొనుక్కుపోలేదు ఎవరూ. హైదరాబాదులో ఇవే నడుస్తున్నాయని ఎవరో చెబితే, కాళ్ళకు అతుక్కుపోయే జీన్స్, మోకాళ్ళ దగ్గర కావాలని చింపిన జీన్స్, నడుము దగ్గర పిడికెడు గుడ్డ కూడా లేని పొట్టి చొక్కాలు తెచ్చింది. ఒక పెద్దమనిషి చిరిగిన జీన్స్‌ను చేతిలోకి తీసుకుని, చిరుగులో నుంచి వేళ్ళు దూర్చి బయటికి పెట్టి, "అక్కా, చినిగినయి మా ఇంట్ల బొచ్చెడున్నయి. కొత్తయి జూపియ్యరాదు" అన్నాడట. ఈ మాట చెప్పేటప్పుడల్లా ఆమె కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వేది.

ఆ తర్వాత ఆమె సరుకు తేవడం ఆపి, మనుషుల్ని చూడటం మొదలుపెట్టింది. సంత రోజు వాకిట్లో పీట వేసుకుని కూర్చునేది. మా వైపు మగవాళ్ళు ఎట్లా నడుస్తారు, ఎట్లా కూర్చుంటారు, బండి మీద ఇంకొకరిని ఎక్కించుకున్నప్పుడు చొక్కా ఎక్కడ లాగుతుంది, బస్తా భుజానికెత్తితే ఎక్కడ పిగులుతుంది, ఇవన్నీ చూసింది. గొంతుక్కూర్చుని బేరం చేసేవాడికి తొడ దగ్గర వదులు కావాలి. మిరపతోటలో పొద్దంతా వంగేవాడికి చొక్కా పొడుగుండాలి. జేబు లేని చొక్కా ఎంత అందంగా ఉన్నా అక్కర్లేదు, ఫోను, పొగాకు, ఆధార్ కార్డు జిరాక్సు ఎక్కడ పెట్టుకోవాలి? బడి పంతుళ్ళకు సన్న గళ్ళవి, సుద్ద పడితే కనబడనివి. పెళ్ళికొడుక్కి మెరుపుండాలి కానీ, ఆ చొక్కా పెళ్ళి తర్వాత కూడా తొడుక్కునేట్టుండాలి.

ఇక రంగుల సంగతి. మగవాళ్ళకు ఏ రంగైతేనేం అనుకునేదాన్ని నేను, తల్లాడ నుంచి కాపురానికి వచ్చిన కొత్తలో. మా నాన్న జన్మంతా తెల్లచొక్కానే తొడిగాడు. అత్తమ్మ నా మాట విని, "ఎవలు జెప్పిండ్రే? మొగోళ్ళకు రంగులంటే మస్తు పానం. అడగనీకి సిగ్గు. మనమే తీసి ముందల వెట్టాలె" అన్నది. ఆమె తీసి పెట్టేది. పని చేసి చేసి నల్లబడ్డ మేనికి పసుపు, మామిడి చిగురు ఎరుపు, వంగపూవు రంగు. అవి తొడిగిన మనిషి వాకిట్లోకి నడిస్తే, లోపల ఎవరో దీపం పెట్టినట్టు ఉండేది ముఖం. నాకు అట్లా అనిపించేది మరి.

ఆమెకు ఇంకో రకం గిరాకీ కూడా ఉండేది. రోడ్డు పక్క క్యాంపుల్లో ఉండే జవాన్లు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పిల్లలు. సెలవు దొరికితే, ఊరికి పోయే ముందు మా దుకాణానికి వచ్చేవాళ్ళు. అందరికంటే నిదానంగా వాళ్ళకే చూపించేది ఆమె. గట్టి గుడ్డ, గట్టి కాలరు పక్కన పెట్టి, మెత్తటి నూలువి, బాదం రంగువి, లేత నీలివి తీసేది. "వీని తల్లి వీన్ని కావలిచ్చుకుంటది గద. గుచ్చుకోవద్దు" అనేది నాతో తెలుగులో. వాళ్ళకు అర్థమయ్యేది కాదు. ఒక పిల్లవాడు మాత్రం తెలుగు నేర్చుకున్నాడు. ఆ మాట విని తల వంచుకున్నాడు. ఆ తర్వాత సెలవు దొరికిన ప్రతిసారీ వచ్చేవాడు, కొన్నా కొనకపోయినా.

ఇప్పుడు చెప్పబోయేది నేను కాపురానికొచ్చిన మొదటి వేసవిలో జరిగింది.

ఖమ్మం నుంచి కొత్త రకం ప్యాంట్లు వచ్చాయి. దళసరి గుడ్డ, కాళ్ళ పొడుగునా జేబులు, ఆకుపచ్చ రంగు. అత్తమ్మకు చూడగానే నచ్చేశాయి. "ముండ్లకు చినగవు. అడివిల తిరిగేటోళ్ళకు గిదీ బట్టంటే" అని గుడ్డను రెండు చేతులా లాగి లాగి చూపించింది. రంగు కూడా నచ్చింది. ఎండలో పెట్టి చూస్తే లేత ఆకు మీద మంచు ఆరుతున్నట్టు ఉందన్నది. ఒక్క సంతకే దాదాపు అన్నీ అమ్ముడుపోయాయి. లోపలి గూడేల నుంచి వచ్చినవాళ్ళే కొన్నారు. ఆమె ఆ రోజు ఎంత సంతోషంగా ఉన్నదంటే, ఇంటికి పోయేటప్పుడు దారిలో పాట పాడింది.

కొద్దిరోజులకు ఒక తల్లి వచ్చింది. వాకిట్లోనే నిలబడిపోయింది, లోపలికి రమ్మన్నా రాలేదు. కోయ మాటలు, తెలుగు మాటలు కలిపి మాట్లాడింది. అత్తమ్మకు కోయ భాష కొంత వచ్చు. విని నాకు చెప్పింది. ఆ తల్లి కొడుకును, పెళ్ళై చంటిబిడ్డ ఉన్నవాడిని, వాగు దాటి వస్తుంటే జవాన్లు తనిఖీలో పట్టుకున్నారు. ఆ ప్యాంటు ఎక్కడిదని అడిగారు. అడవిలో ఆ రంగు బట్టలు తొడిగేది అన్నలు కాదా అని అడిగారు. సంతలో కొన్నానంటే నమ్మలేదు. క్యాంపుకు తీసుకుపోయారు.

అత్తమ్మ లోపలికి పోయింది. అమ్ముడుపోకుండా మిగిలిన ఆకుపచ్చ ప్యాంట్లు మూట గట్టింది. గూట్లో నుంచి ఒక నీలం ప్యాంటు తీసి విడిగా సంచిలో పెట్టుకుంది. అది ఎందుకో నాకు అప్పుడు తెలియలేదు. షట్టరు దించి, ఆటో కిరాయికి మాట్లాడి, ఆ తల్లినీ నన్నూ ఎక్కించుకుని బయల్దేరింది. దారంతా ఇప్పచెట్ల కింద పూలు రాలి ఉన్నాయి, ఆ తీపి వాసన ఆటోలో నిండిపోయింది. ఈ రోజుకూ ఇప్పపూల వాసన వస్తే నాకు ఆ దారే గుర్తొస్తుంది, అదే వాసనలో ఏదో మత్తు కూడా ఉంటుంది.

క్యాంపు గేటు దగ్గర మూట విప్పి నేల మీద పరిచింది. అధికారి వచ్చాడు. ఆయనకు తెలుగు రాదు. తెలుగు నేర్చుకున్న ఆ జవాను పిల్లవాడే ముందుకొచ్చి మాట మాటా హిందీలోకి మార్చి చెప్పాడు.

"సారూ, గివి నేను అమ్మిన ప్యాంట్లు. గా పిల్లగాడు నా దుకాణంల కొన్నడు. చూడుండ్రి, గుడ్డ గదే, గుండీ గదే. రంగు ఏరినదాన్ని నేను. అడగాల్నంటే నన్నడుగుండ్రి. ఆయన తొడుక్కున్నడు, గంతే."

"ఎందుకు అమ్మావు?" అని అడిగించాడు అధికారి.

"మంచిగుందని అమ్మిన. చెట్లకు మంచిగున్నది, మనిషికి మంచిగుండదా అనుకున్న. మనిషికి గిట్లయితదని నాకు తెల్వలే."

జవాను ఆ మాటను ఎట్లా మార్చి చెప్పాడో నాకు తెలియదు. అధికారి కాసేపు నేల మీది ప్యాంట్లను చూసి లోపలికి పోయాడు. మమ్మల్ని పొమ్మన్నారు. అత్తమ్మ పోలేదు. రేకుల షెడ్డు నీడలో కూర్చుంది. ఆమె కూర్చుంది కాబట్టి ఆ తల్లి కూర్చుంది, నేను కూర్చున్నాను. నీడ జరిగినప్పుడల్లా మేమూ జరిగాం. ఆ జవాను పిల్లవాడు ఒకసారి మంచినీళ్ళు తెచ్చి పెట్టి పోయాడు.

పొద్దు వాలేటప్పుడు వదిలిపెట్టారు. ఆ యువకుడు నడుముకు తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చాడు. ప్యాంటు ఉంచేసుకున్నారు. అప్పుడు అర్థమైంది నాకు, సంచిలో నీలం ప్యాంటు ఎందుకో. అత్తమ్మ ఇచ్చింది. అతను వెంటనే తొడుక్కోలేదు. రెండు చేతుల్లో పట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, మెల్లగా అడిగాడు.

"పెద్దమ్మా, గిది తొడుక్కోవచ్చునా?"

అత్తమ్మ "తొడుక్కో కొడుకా" అన్నది. అంతే అన్నది. ఆటో ఎక్కాక కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. చర్ల వచ్చేదాకా తీయలేదు.

మర్నాడు దుకాణం తెరవలేదు. ఆ ఆకుపచ్చ ప్యాంట్లు ఎవరెవరు కొన్నారో తలుచుకుంది. ముఖాలు గుర్తున్నాయి, గూడేలు గుర్తున్నాయి. వేరే రంగు ప్యాంట్లు ఆటోలో వేసుకుని నన్ను వెంట రమ్మన్నది. ఆటో పోయినంత దూరం ఆటో, ఆ తర్వాత నడక. ఆ ప్రయాణాలు నాకు నిద్రలో చేసినట్టే గుర్తుంటాయి. సన్నటి బాట, రెండు పక్కలా రాలిన టేకాకులు, పొద్దటి లేత ఎండ కొమ్మల్లో చిక్కుకున్నట్టు ఉండేది. ముందు అత్తమ్మ, తల మీద ప్యాంట్ల మూట. ఎక్కడో నెమలి అరిచేది. మేము ఏదో ఊరికి చుట్టపుచూపుగా పోతున్నట్టుండేది, పని గుర్తొస్తే మళ్ళీ అడుగు వేగం పెరిగేది.

ప్రతి ఇంట్లో ఆమె అదే మాట చెప్పేది. "నేను తప్పు రంగు ఇచ్చిన. గిది తీసుకొని గది ఇయ్యుండ్రి." చాలామంది ఇచ్చేశారు. ఒక ముసలాయన మాత్రం ఇవ్వనన్నాడు. ప్యాంటు జేబులన్నీ ఒక్కొక్కటీ తెరిచి చూపించాడు. ఒకదాంట్లో జొన్న, ఒకదాంట్లో కంది, ఇంకోదాంట్లో సొర గింజలు, ఇంకోదాంట్లో ఏవో నాకు పేరు తెలియనివి.

"జేబుకో తీరు ఇత్తులు వెట్టుకున్న. జన్మల గిసొంటి ప్యాంటు తొడగలే. నేనియ్య" అన్నాడు.

అత్తమ్మ ఆయన ఎదుట నేల మీద కూర్చుంది. చాలాసేపు ఆ గింజల గురించే మాట్లాడుకున్నారు, ఏది ఎప్పుడు చల్లాలి, ఏది వానకు ముందు, ఏది తర్వాత. లేచేటప్పుడు ఆమె అన్నది, "గట్లయితె రంగు మార్చి ఇస్త. జేబులు ఏడికి పోవు."

భద్రాచలం నుంచి రంగు తెప్పించింది. మా పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి మీద గుండిగ పెట్టి, వెనక్కి తెచ్చిన ప్యాంట్లతో పాటు ముసలాయన ప్యాంటు కూడా ఉడకబెట్టింది. ఆయన తనే వచ్చాడు, నడుముకు పంచె చుట్టుకుని, గింజల మూట ఒళ్ళో పెట్టుకుని, పొయ్యి పక్కనే కూర్చున్నాడు. కర్రతో కలుపుతుంటే ఆకుపచ్చ మెల్లమెల్లగా లోపలికి పోయి, దున్నిన నేల రంగు పైకొచ్చింది. ఆరేసిన ప్యాంటును తడిమి, "గిప్పుడు మా పోడు చేను లెక్కున్నది" అన్నాడు. తొడుక్కుని, గింజలు మళ్ళీ ఏ జేబువి ఆ జేబులో పోసుకుని, నడుచుకుంటూ పోయాడు.

ఆ తర్వాత ఆమె ఎప్పుడూ ఆకుపచ్చ తేలేదు. మిలిటరీ మచ్చల టీషర్టులు ఊరంతా తొడుగుతున్న రోజుల్లో కూడా తేలేదు. ఖమ్మంలో కొత్త సరుకు విప్పినప్పుడు ఆమె మొదట చేసే పని ఆ రంగును పక్కకు తీయడం. కోపంగా తీసేది కాదు. పసిపిల్ల చేతిలో నుంచి సూది తీసినట్టు తీసేది. ఈ మధ్య మా వైపు కొంచెం నిమ్మళమైంది, రోడ్లు పడుతున్నాయి, పిల్లలు ఫోనులో చూసి ఫలానా రంగే కావాలని అడుగుతున్నారు. పోయినేడు నేను అడిగాను, "ఇప్పుడు తెద్దామా అత్తమ్మా?" అని.

"ఇంకొన్నొద్దులు ఆగుదాం. గా రంగు అడివికున్నది గద, ఏడికి పోతది?"

నేను ఆగాను. ఇప్పుడు ఆ రంగు తేవాలో వద్దో నాకే తెలియదు. ఎవరినీ అడగలేను కూడా.

దినం రోజు చాలామంది వచ్చారు. క్యాంపు నుంచి విడిపించుకొచ్చిన ఆ మనిషి వచ్చాడు. ఇప్పుడు అతని చెవుల దగ్గర వెంట్రుకలు తెల్లబడ్డాయి. అన్నం తిని చేయి కడుక్కుని నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "దుకాణం తీస్తరు గద?" అని అడిగాడు. తీస్తానన్నాను. అవ్, అవ్ అంటూ తల ఊపి వెళ్ళిపోయాడు.

దుకాణం తీసి కొన్ని రోజులైంది. తునికాకు పని మొదలైంది, చేతుల నిండా ఆకు పసరు వాసనతో మనుషులు వస్తున్నారు. నేను చూపిస్తున్నాను. ఏది నప్పుతుందో నాకు కొంత తెలుసు, కొంత తెలియదు. అత్తమ్మను తలుచుకుంటే నాకు ముందుగా ముఖం కనబడదు. వీపు కనబడుతుంది. ఎందుకో చెప్పి ఊరుకుంటాను.

మా దుకాణం చివర ఒక నిలువుటద్దం ఉంది. లోపలి ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళలో చాలామంది ఇళ్ళలో అరచేయంత అద్దమే ఉంటుంది, గడ్డం గీసుకునేందుకు. తల నుంచి కాలి దాకా తమను తాము చూసుకునేది మా దగ్గరే. కొత్త చొక్కా తొడిగి ఎవరైనా ఆ అద్దం ముందుకు పోగానే, అత్తమ్మ లేచి వాకిట్లోకి వచ్చి, రోడ్డు వైపు తిరిగి నిలబడేది. "మనం చూస్తె సిగ్గువడి సగమే చూసుకుంటడు. పూరా చూసుకోనీ" అనేది.

పోయిన చలికాలంలో ఒకాయన వచ్చాడు. కూతురికి ఖమ్మంలో నౌకరీ వచ్చిందట, మొదటిసారి చూడటానికి పోతున్నాడు. అత్తమ్మ వంగపూవు రంగు చొక్కా తీసి ఇచ్చింది. ఆయన తొడుక్కుని అద్దం ముందుకు పోయాడు. ఆమె వాకిట్లోకి వచ్చింది. సాయంత్రపు ఎండ దుకాణం లోపలిదాకా పాకి ఆయన పాదాల దగ్గర ఆగింది. ఆయన కాలరు సర్దుకున్నాడు. చేతులు కిందికి వదిలాడు. మళ్ళీ ఒకసారి పైనుంచి కిందిదాకా చూసుకున్నాడు. బస్టాండు వైపు నుంచి హారన్ వినబడింది, ఆయన ఎక్కాల్సిన బస్సే. నేను పిలవబోయాను. అత్తమ్మ వెనక్కి తిరగకుండానే చెయ్యి కొంచెం పైకెత్తింది, ఆగమన్నట్టు. నేను ఆగాను. బస్సు కూడా ఇంకా కదల్లేదు. ఆమె రోడ్డును చూస్తూ అట్లాగే నిలబడి ఉంది, ఆమె వెనక ఆ మనిషి అద్దంలో మెల్లగా ఒకవైపు తిరిగాడు, తర్వాత ఇంకోవైపు తిరిగాడు.